చక్రానికీ హబ్బుకీ మధ్య

1865 జనవరి 28న మాన్‌హైమ్‌లో ఒక బీరు కార్ఖానా బాయిలరు పేలింది. ఆ రోజుల్లో బాయిలర్లు పేలడం వింతేమీ కాదు. ఈ ఊరివాళ్ళు ఆ తరవాత చేసిన పనే వింత. మరుసటి ఏడాది జనవరిలో బాయిలర్ల యజమానులు కూడబలుక్కుని ఒక సంఘం పెట్టుకున్నారు. సర్కారు వచ్చి నెత్తిన కూర్చునే లోపు మన బాయిలర్లని మనమే ఇంజినీరు చేత చూపించుకుందాం అన్నది వాళ్ళ ఒప్పందం. అలాంటి సంఘాలు జర్మనీ అంతటా పుట్టుకొచ్చాయి. అవే పెరిగి, కలిసి, విడిపోయి, ఇవాళ ఇక్కడ చంటిపిల్లాడికి కూడా తెలిసిన ట్యూఫ్ తనిఖీ సంస్థలయ్యాయి.

బాయిలరు పేలిన ఇరవయ్యొక్క ఏళ్ళకి, 1886 జనవరి 29న, ఇదే ఊళ్ళో ఉండే కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు అడిగాడు. ఆ బండికీ ఆ సంఘానికీ అప్పట్లో ఏ చుట్టరికమూ లేదు. 1951 నుంచి జర్మనీలో ప్రతి మోటారు బండికీ నియమిత తనిఖీ తప్పనిసరి చేశారు. 1961లో నంబరు ప్లేటు మీద గుండ్రటి రంగు బిళ్ళ వచ్చింది. బాయిలరు రివెట్లు చూసిన వాళ్ళ వారసులు కార్ల కింద దూరి టార్చి లైటు వేసి చూడడం మొదలుపెట్టారు. అలా చూసేవాటిలో చక్రానికీ హబ్బుకీ మధ్య ఇరికించిన ఒక అల్యూమినియం రింగు కూడా ఉంటుంది. స్పేసరు అంటారు. ఇంతా కలిపి అర అంగుళం మందం ఉండే వస్తువు. దాని గురించి జర్మనీలో జరిగినంత వాదులాట మా విజయవాడలో కృష్ణా నీళ్ళ గురించి కూడా జరిగి ఉండదు.

నాది విజయవాడ ఆటోనగర్. మా నాన్నకి అక్కడ లేతు మిషను ఉండేది. లారీ హబ్బులు, బుష్షులు, అరిగిపోయిన ఇరుసు ముక్కలు, ఇవే మా ఇంటికి అన్నం పెట్టినవి. తరవాత చదువు, ఉద్యోగం, బస్సుల ఇరుసుల డిజైను మీద పని, చివరికి మాన్‌హైమ్‌లో కాపురం. ఇప్పుడు ఇక్కడికి మన పిల్లలు బాగా వస్తున్నారు. అందులో తెనాలి కుర్రాడొకడు సాఫ్ట్‌వేరు ఉద్యోగం డబ్బులతో పాత పోర్షే కేమన్ కొన్నాడు. కొన్న వారానికే నా దగ్గరికొచ్చాడు.

“బాబాయ్, నాలుగు చక్రాలకీ పదిహేను మిల్లీమీటర్ల స్పేసర్లు వేద్దామనుకుంటున్నా. ఏమీ కాదుగా?”

ఏమవుతుందో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కానీ చక్రాన్ని బండికి ఎలా పట్టి ఉంచాలి అన్నదాని మీద నూట ఇరవై ఏళ్ళుగా మనుషులు తలలు బద్దలు కొట్టుకున్నారు. అది తెలియకుండా ఆ ఒక్క ముక్క చెప్తే వాడు నమ్మడు. అందుకని మొదట్నుంచీ చెప్పాను.

తొలి కార్లకి చక్రం ఊడదీసే ఏర్పాటే లేదు. టైరు పంచరైతే రోడ్డు పక్కన కూచుని, చక్రం బండికి ఉండగానే, టైరు కోసి పీకి కొత్తది ఎక్కించాలి. 1906 జూన్‌లో లెమాన్స్ దగ్గర మొట్టమొదటి గ్రాండ్ ప్రీ పందెం జరిగింది. రెండు రోజులు, 1,200 కిలోమీటర్ల పైమాటే. బండి మీద చెయ్యి వెయ్యడానికి డ్రైవరుకీ, పక్కన కూచున్న మెకానిక్కుకీ తప్ప ఇంకెవరికీ హక్కు లేదు. ఎండకి తారు కరిగి, రాళ్ళు లేచి, టైర్లు పుట్టలు పుట్టలుగా పోయాయి. రెనో బండి నడిపిన హంగరీవాడు ఫెరెంక్ సిస్ గెలిచాడు. అతని బండికి మిషలిన్ వాళ్ళ విడదీసే రిమ్ములున్నాయి. టైరుతో సహా రిమ్ముని నట్లు విప్పి లాగేసి, గాలి కొట్టి సిద్ధంగా ఉన్న ఇంకో రిమ్ము తగిలించడమే. చాలామంది చాకులతో టైర్లు కోస్తుంటే సిస్ వెళ్ళిపోయాడు.

రిమ్ము విడదీయగలిగితే చక్రాన్నే విడదీస్తే పోలేదా? ఆ పని చేసింది కోవెంట్రీలో సైకిళ్ళు చేసే రడ్జ్-విట్‌వర్త్ కంపెనీ, అందులో జాన్ ప్యూ అనే ఇంజినీరు. హబ్బు మీద నిలువునా పళ్ళు కోశారు. వైరు చక్రం మధ్య బొంగులో సరిపోయే గాళ్ళు పెట్టారు. చక్రం జారుకుంటూ వెళ్ళి కూర్చుంటుంది. పైన ఒకే ఒక్క పెద్ద నట్టు, దానికి రెండు చెవులు. మెత్తటి లోహపు సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే బిగుస్తుంది, తిరగ్గొడితే ఊడుతుంది. 1908 గ్రాండ్ ప్రీకి నేపియర్ వాళ్ళు ఈ చక్రాలతో వస్తామన్నారు. ఫ్రెంచి వాళ్ళు కుదరదన్నారు. విడదీసే రిమ్ము సరే, విడదీసే చక్రం మాత్రం పనికిరాదట. నేపియర్ జట్టు పందెం నుంచి తప్పుకుంది. చక్రం బిగింపు మీద జరిగిన పెద్ద తగాదాల్లో నాకు తెలిసి ఇది పాతది. ఫ్రెంచివాళ్ళకి భద్రత కన్నా ఇంగ్లీషువాళ్ళ సుత్తి దెబ్బలే ఎక్కువ బాధించాయని నా అనుమానం. ఎందుకంటే పదిహేనేళ్ళు తిరిగేసరికి అదే రడ్జ్-విట్‌వర్త్ ఫ్రాన్సు శాఖ అధిపతి ఎమిల్ కోకీ డబ్బూ కప్పూ ఇస్తానంటే, 1923లో లెమాన్స్ 24 గంటల పందెం పుట్టింది. ఆ కప్పు పేరే రడ్జ్-విట్‌వర్త్ కప్పు.

ఈ ఒంటి నట్టులో ఒక చిత్రం ఉంది. మా నాన్న బతికుండగా ఆయనకి చూపించలేకపోయానే అని ఇప్పటికీ అనిపిస్తుంది. లారీకి ఎడమ వైపు చక్రాల నట్లు ఎడమ మర, కుడి వైపువి మామూలు మర. ఆటోనగర్‌లో పనికి చేరిన కుర్రాడికి మొదటి రోజు చెప్పే సంగతి ఇది. చెప్పకపోతే వీల్ పానా మీదెక్కి గెంతి గెంతి స్టడ్డు తుంచేస్తాడు. రడ్జ్ నట్టు సరిగ్గా దీనికి తిరగేసి. బండికి ఎడమ వైపు మామూలు మర, కుడి వైపు ఎడమ మర. పొరపాటున హబ్బులు అటుదిటు ఇటుదటు వేసి బిగిస్తే, ఎంత కొట్టి బిగించినా నడవగా నడవగా నట్టు వదులై చక్రం దాని దారిన అది పోతుంది.

కారణం ఏమిటంటే, చక్రం హబ్బు మీద వెంట్రుక వాసి ఆడుతుంది. ఆ ఆటతో నట్టు, చక్రం తిరిగే దిక్కుకి ఎదురుగా పాకుతుంది. ఎదురుగా పాకడమే బిగింపు అయ్యేలా మర కోశారు. లారీ చక్రానికి ప్రతి నట్టూ తన స్టడ్డు మీద తాను ఉంటుంది కనక అక్కడి లెక్క వేరు. అసలు గట్టిగా బిగించిన నట్టుకి మర ఎటుంటే ఏమిటని తరవాతి లారీలు ఎడమ మర వదిలేశాయి కూడా.

ఆ చెవుల నట్టు అమెరికాలో చచ్చిపోయింది. నడిచేవాళ్ళ కాళ్ళకి చెవులు తగులుతాయని అక్కడి ప్రభుత్వం 1968 జనవరి 1 నుంచి చక్రాల మీద రెక్కల్లా పొడుచుకొచ్చేవాటిని నిషేధించింది. జాగ్వార్, ఎంజీ కార్లు అమెరికాకి చెవులు కోయించుకుని వెళ్ళాయి. ఒంటి నట్టు పందేల్లో మాత్రం బతికే ఉంది. 2009లో అది పోర్షే 911 జీటీ3 రోడ్డు కారుకి కూడా వచ్చింది. ఇప్పుడు చెవుల్లేవు. ఎడమ వైపుది ఎరుపు, కుడి వైపుది నీలం.

మామూలు కార్లకి నాలుగైదు నట్లే మిగిలాయి. అందరూ తప్పుగా ఊహించేది ఇక్కడే. స్టడ్ల మీద చక్రం వేలాడుతోంది, బండి బరువు ఆ ఐదు చువ్వలే మోస్తున్నాయి అనుకుంటారు. మా నాన్న ఇంజినీరింగ్ చదవలేదు గానీ, “నట్టు పని మొయ్యడం కాదురా, అదమడం” అనేవాడు. లెక్క వేసి చూస్తే ఆయన మాటే. పాత 911 నట్టుని పోర్షే 130 న్యూటన్ మీటర్లకి బిగించమంటుంది. 14 మిల్లీమీటర్ల స్టడ్డుకి అంత బిగువు పెడితే అది రబ్బరులా సాగి, చక్రాన్ని సుమారు నాలుగున్నర టన్నుల బలంతో హబ్బుకి అదిమిపెడుతుంది. ఐదు కలిస్తే ఇరవై టన్నుల పైచిలుకు. రెండు లోహపు ముఖాలు అంత ఒత్తిడితో ఒకదాన్నొకటి కరిచిపట్టుకుంటే, ఆ రాపిడే బండిని మోస్తుంది, బ్రేకు వేస్తే ఆపుతుంది. స్టడ్డు పక్కకి వంగే బలం ఎదుర్కోకూడదు. ఎదుర్కొన్న రోజున అది విరిగే రోజు లెక్కలో పడ్డట్టే. మధ్యలో రింగు పెట్టామంటే కరిచిపట్టుకోవాల్సిన ముఖాల జత ఒకటి కాస్తా రెండైంది. స్పేసరు మంచిదా చెడ్డదా అన్న తగువంతా ఆ రెండు జతలూ శుభ్రంగా ఉన్నాయా లేదా అన్నదాని చుట్టూనే తిరగాలి. తిరగదు. షోకు చుట్టూ తిరుగుతుంది.

ఇక పోర్షేకి వద్దాం. స్పేసరు కథ నడిచింది చాలామట్టుకు ఆ కారు కిందే. పోర్షే మొదటి కారు 356కి డ్రమ్ము బ్రేకులున్నన్నాళ్ళూ ఐదు బోల్టులూ ఫోక్స్‌వాగన్ బీటిల్‌లోలాగే 205 మిల్లీమీటర్ల వలయం మీద ఉండేవి. 1963లో 356 సి వచ్చి డిస్కు బ్రేకులు పెట్టినప్పుడు ఆ వలయం 130కి దిగింది. అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 901 పేరుతో చూపించిన కారే 911. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని పెజో కంపెనీ అంటే పేరు మార్చారు. ఐదు బోల్టులు, 130 వలయం, హబ్బు మీద 71.6 మిల్లీమీటర్ల పెదవి. ఈ కొలతలు తరాలు మారినా నిలిచాయి. ఒక 911 చక్రం ఇంకో కాలపు 911కి దాదాపు ఎక్కేస్తుంది, కాకపోతే లోపలికో బయటికో కూచుంటుంది. ఆ ‘కాకపోతే’లోనే స్పేసరు వ్యాపారం పుట్టింది.

911కి పుట్టుకతో ఒక తంటా. ఇంజిను వెనక ఇరుసుకి కూడా వెనక వేలాడుతుంటుంది. మలుపు మధ్యలో భయపడి ఎక్సిలరేటరు వదిలితే తోక ముందుకొచ్చేస్తుంది. మొదట్లో చక్రాల వెడల్పు నాలుగున్నర అంగుళాలు. కంపెనీ ఈ జబ్బుకి చేసిన వైద్యాలు చదువుతుంటే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. తొలి కార్లలో కొన్నింటికి ముందు బంపరు మూలల్లో 11 కిలోల చొప్పున ఇనుప దిమ్మలు దాచారు. 1969 మోడలుకి వెనక చక్రాలని 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. ముందు వెనక ఇరుసుల దూరం 2,211 నుంచి 2,268 మిల్లీమీటర్లయింది. ఇంజిను ఉన్న చోటే ఉంది.

ఇక మిగిలిన మందు పక్కకి జరపడం. 1973 కరెరా ఆర్‌ఎస్‌లో వెనక చక్రాలు 7 అంగుళాలు, ముందువి 6. ముందూ వెనకా వేరు వేరు వెడల్పులతో అమ్మిన 911లలో అదే మొదటిది. ఆ వెడల్పు పట్టడానికి వెనక మడ్‌గార్డులు రెండు వైపులా కలిపి 42 మిల్లీమీటర్లు ఉబ్బించారు. పందేల అర్హతకి 500 కార్లు చేస్తే చాలనుకున్నారు, 1,580 అమ్ముడయ్యాయి. ఆ మరుసటి ఏడాది, 1974 పారిస్ ప్రదర్శనలో 911 టర్బో వచ్చింది. 260 గుర్రాల బలం, మడ్‌గార్డులు ఇంకా ఉబ్బి. ఈ టర్బోలకి 21, 28 మిల్లీమీటర్ల స్పేసర్లు పోర్షే కంపెనీయే బిగించి పంపింది. స్పేసరంటే సందుల్లో అమ్మే నకిలీ సరుకు అనుకునేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్పేసరు కంపెనీ వేసిందే కదా అని ఏ రింగు పడితే ఆ రింగు కొనేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి: కంపెనీ ఆ రింగుకి తగ్గట్టు మడ్‌గార్డు, బేరింగు, స్టడ్డు పొడవు అన్నీ ముందే లెక్క వేసుకుంది.

ఇంతకీ పక్కకి జరిపితే లాభమెంత? మలుపులో బండి బరువు లోపలి చక్రం నుంచి బయటి చక్రం మీదికి వాలుతుంది. చక్రాల మధ్య ఎడం ఎక్కువైతే ఆ వాలడం తగ్గుతుంది. ఎడం 1,500 మిల్లీమీటర్లు అనుకుంటే పక్కకి 15 చొప్పున జరిపితే 30 కలిసింది, అంటే రెండు శాతం. పందెంలో రెండు శాతం కోసం మనుషులు ఇల్లు తాకట్టు పెడతారు. వీకెండుకి హైడెల్‌బర్గ్ వెళ్ళి కాఫీ తాగొచ్చేవాడికి అది తెలియను కూడా తెలియదు. తెలిసేది చూపు. చక్రం మడ్‌గార్డు లోపల దాక్కోకుండా అంచుకి వచ్చి నిలబడితే కారు నిజంగానే అందంగా ఉంటుంది. నేను కాదనను.

మా పక్క వీధిలో పాత 911లు బాగుచేసే షెడ్డు ఉంది. అక్కడ ఒకాయన స్పేసరు బిగిస్తుంటే చూసి తీరాలి. చక్రం విప్పగానే హబ్బు ముఖం మీద గోధుమరంగు తుప్పు పొక్కులు ఉంటాయి. కొత్తవాళ్ళు గుడ్డతో తుడిచి రింగు తగిలించేస్తారు. ఈయన వైరు బ్రష్షుతో మొదలుపెట్టి, స్టడ్ల చుట్టూ తిరిగే చిన్న గుండ్రటి రాపుడు బిళ్ళతో లోహం తెల్లగా తేలేదాకా వదలడు. తరవాత రింగు ఉత్తిగా పెట్టి, బొటనవేలితో ఒక పక్క నొక్కి, ఎదురు పక్క లేస్తుందేమో చూస్తాడు. పిసరంత లేచినా మళ్ళీ మొదటికి. తుప్పు గానీ పెయింటు గానీ మధ్యలో ఇరుక్కుంటే బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది. నాలుగు రోజులు వేడెక్కి చల్లారేసరికి అది నలిగి పొడవుతుంది. ఆ పొడి మందమే బిగువులోంచి పోతుంది.

ఆ తరవాత పెదవి చూస్తాడు. హబ్బు మధ్యలో ఉబ్బుగా ఉండే ఆ అంచు మీదే చక్రం సరిగ్గా మధ్యన కూర్చుంటుంది. 5 మిల్లీమీటర్ల పల్చటి రింగు వేస్తే పెదవి ఇంకా కొంచెం బయటికి మిగులుతుంది, చక్రానికి అది చాలు. 15 మిల్లీమీటర్ల రింగుకి తన సొంత పెదవి కోసి ఉంటుంది. చిక్కంతా ఆ మధ్య మందాలతోనే. హబ్బు పెదవిని మింగేసేంత లావు, సొంత పెదవి కోయడానికి చోటు లేనంత సన్నం. అప్పుడు చక్రం నట్ల మీదే మధ్య వెతుక్కోవాలి. 100 దాటాక స్టీరింగు వణుకుతోందని చక్రాల బ్యాలెన్సింగు చేయించుకునేవాళ్ళలో కొందరి రోగం ఇది. రెండు సన్న రింగులు ఒకదాని మీద ఒకటి పేర్చి వేసేవాళ్ళ గురించి ఆయన ఏమంటాడో ఇక్కడ రాయలేను.

బోల్టు పొడవు దగ్గర మా తెనాలి కుర్రాడు నిజంగా విన్నాడు. 1997లో వచ్చిన 996 నుంచి 911లకి స్టడ్డూ నట్టూ పోయి బోల్టులొచ్చాయి. కేమన్‌కీ బోల్టులే. 15 మిల్లీమీటర్ల రింగుకి బోల్టూ 15 మిల్లీమీటర్లు పొడుగవ్వాలి. పొట్టి బోల్టే వేస్తే మరలు రెండు మూడు చుట్లు మాత్రమే పట్టుకుంటాయి. బిగిసినట్టే అనిపిస్తుంది, టార్క్ రెంచి కూడా టక్కుమంటుంది. ఇక్కడి స్పేసరు కాగితాల్లో ఈ సైజు బోల్టు కనీసం ఏడున్నర చుట్లు తిరగాలని ఉంటుంది. మిల్లీమీటరున్నర మర కనక పదకొండు మిల్లీమీటర్ల పైన పట్టు. మరీ పొడుగైనా ముప్పే. ఈ కార్లకి వెనక డిస్కు లోపలే హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ఉంటుంది. స్పేసరు తీసేసి, పొడుగు బోల్టులే మళ్ళీ వేస్తే వాటి కొసలు వెళ్ళి లోపలి సామాను గీరుతాయి. బోల్టు మెడ ఆకారం కూడా చూడాలి. పోర్షేది బంతిలా గుండ్రం, బయట దొరికేవాటిలో చాలా శంకువులా ఏటవాలు. గుండ్రటి గుంటలో ఏటవాలు మెడ కూర్చుంటే సన్నటి గీత మీదే ఆనుతుంది, అదీ త్వరగా అరుగుతుంది.

రింగు మందం మరీ పెరిగి పొడుగు బోల్టులతో దాటలేనప్పుడు రెండో రకం ఉంది. స్పేసరుని ముందు హబ్బుకి దాని నట్లతో బిగించి, స్పేసరు మీదే ఉన్న స్టడ్లకి చక్రాన్ని బిగించడం. ఇందులో హబ్బు స్టడ్ల కొసలు రింగు ముఖం దాటి బయటికి రాకూడదు. వస్తే చక్రం కొసల మీద నిలబడుతుంది, ముఖం మీద కాదు. అదే మా ఆటోనగర్‌లో జీపులకి చేసేవాళ్ళు. స్క్రాపు పలక తెచ్చి, కోసి, బెజ్జాలు వేసి. మా నాన్న లారీ హబ్బుకి ఏదడిగితే అది కోసిచ్చేవాడు గానీ ఆ జీపు రింగులు మాత్రం కోసేవాడు కాదు. బేరం పోయినా సరే. దుక్క ఎక్కడిదో, పోతదో దంచిందో తెలియని లోహాన్ని చక్రం కింద పెట్టనని.

మరలకి గ్రీజు రాయాలా వద్దా అని కుర్రాడు అడిగాడు. ఆయా కారు పుస్తకం ఏమంటే అది. పోర్షే మరలకి సన్నగా పేస్టు రాయమంటుంది, చక్రానికి ఆనే గుండ్రటి మెడకి మాత్రం రాయొద్దంటుంది. పొడిగా బిగించమన్న కారుకి గ్రీజు పూసి అదే అంకెకి బిగిస్తే బోల్టు అనుకున్నదాని కన్నా చాలా ఎక్కువ సాగుతుంది. బిగువు అంకెలూ కారు కారుకీ మారతాయి. పాత 911కి 130 అయితే కొత్తవాటికి 160. నక్షత్రం గీసినట్టు ఎదురెదురువి బిగించి, వంద కిలోమీటర్ల లోపు ఆగి మళ్ళీ రెంచి పెట్టాలి.

ముందు చక్రాల దగ్గర నేను అడ్డం పడ్డాను. ముందు చక్రం తిరిగేది తన మధ్యగీత చుట్టూ కాదు. సస్పెన్షను పైనా కిందా పట్టుకున్న చోట్ల మధ్య ఊహగా ఒక గీత గీసి నేలదాకా పొడిగిస్తే, ఆ గీత చుట్టూ. ఆ గీత నేలని తాకే చోటికీ టైరు మధ్యకీ ఉన్న ఎడం మిల్లీమీటర్లలో ఉంటుంది. 1972లో ఆడి 80 కారుకి ఆ కంపెనీ వాళ్ళు ఆ ఎడాన్ని కావాలని తిరగేశారు. టైరు మధ్య ఆ గీతకి లోపలి వైపు ఉండేలా. ఒక పక్క చక్రం తడి రోడ్డు మీద, ఇంకోటి పొడి మీద ఉండగా బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగుతుంది కదా, అప్పుడు స్టీరింగు తనంతట తానే ఎదురు తిరిగి సరిచేసుకోడానికి. ఏళ్ళ తరబడి లెక్కలేసి మిల్లీమీటర్లలో కుదిర్చిన ఆ ఎడాన్ని పదిహేను మిల్లీమీటర్ల రింగు ఒక్క శనివారం మధ్యాహ్నం చెరిపేస్తుంది. స్టీరింగు గతుకు గతుకుకీ చేతిని గుంజుతుంది, బ్రేకు వేస్తే పక్కకి వెళ్దామంటుంది. వెనక చక్రాలకి ఆ బాధ లేదు. బేరింగు మీద మోపు పెరుగుతుంది, అంతే.

బాయిలరు సంఘం వారసుల దగ్గరికి ఆ తరవాతే వెళ్ళాలి. స్పేసరు చేసిన కంపెనీ తన రింగుని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఏ కారుకి ఏ చక్రంతో ఎంత మందం వెయ్యొచ్చో కాగితం ఇస్తుంది. ఆ కాగితం, కారు రెండూ తనిఖీ కేంద్రానికి తీసుకెళ్తే అక్కడి ఇంజినీరు చూసి సంతకం పెడితేనే అది చట్టబద్ధం. లేకపోతే బండి రోడ్డు మీద తిరిగే అనుమతే రద్దయినట్టు లెక్క. చక్రం కేంద్రం నుంచి ముందుకి 30 డిగ్రీలు, వెనక్కి 50 డిగ్రీల మేర టైరు ముఖాన్ని మడ్‌గార్డు కప్పి ఉండాలన్నది యూరప్ అంతటా ఉన్న నియమం. దానికి పైనుంచి తూకపు దారం వేలాడదీసి చూస్తారు. ఒక మూల చక్రాన్నీ దాని ఎదురు మూల చక్రాన్నీ దిమ్మల మీదికి ఎక్కించి, స్టీరింగు ఈ కొసకీ ఆ కొసకీ తిప్పి, టైరు ఎక్కడైనా తగులుతుందేమో వేలు పెట్టి తడుముతారు. మొదట్లో నాకు ఇదంతా చాదస్తం అనిపించేది. ఇప్పుడు అనిపించదు. ఇక్కడ వంకర కార్లు తక్కువేం కాదు గానీ, ప్రతి వంకరకీ ఒక సంతకం ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడు ఈ స్పేసర్ల సంగతి విని తన కారుకీ ఒక జత పంపమన్నాడు. పంపలేదు. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో మన సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద చెప్పింది. అక్కడ సంతకం పెట్టే ఇంజినీరూ లేడు, కాగితం ఇచ్చే ప్రయోగశాలా లేదు. మొత్తానికి వద్దనడం ప్రభుత్వానికి తేలికైన దారే. అయినా దాని వల్ల సందుల్లో రింగులు కోయడం ఏమైనా ఆగిందా అంటే, ఆటోనగర్ ఎరిగినవాణ్ణి, నేను నమ్మను.

తెనాలి కుర్రాడు చివరికి పోర్షే తన ఉపకరణాల జాబితాలోనే అమ్మే 5 మిల్లీమీటర్ల రింగులు, వాటితో వచ్చే పొడుగు బోల్టులు కొన్నాడు. షెడ్డు ఆయన బిగించాడు. వెనక చక్రాలకి మాత్రమే. తనిఖీలో ఇంజినీరు ఒక బోల్టు విప్పి, చుట్లు లెక్కపెట్టుకుంటూ చేత్తో మళ్ళీ ఎక్కించి, రెంచితో బిగించి, కాగితం మీద ముద్ర కొట్టాడు. ఐదు మిల్లీమీటర్లు వాడికి కంటికి ఆనలేదట. ఫోటోల్లో ముందు చక్రాలు లోపలికి ఉన్నట్టు కనిపిస్తున్నాయని ఇప్పటికీ నా మీద సాధిస్తూనే ఉన్నాడు.